చిన్న సంఘం సోషల్ మీడియా ఎలా నడపాలి: వాట్సాప్ గ్రూపు నుంచి ఆదివారం లైవ్ దాకా

2020లో గుడ్ ఫ్రైడే ఏప్రిల్ 10న, ఈస్టర్ 12న వచ్చాయి. దేశమంతా లాక్‌డౌన్. మందిరాలకి తాళాలు. సిలువ మీద పలికిన ఏడు మాటలు ఆ ఏడాది చాలామంది ఫోన్‌లోనే విన్నారు. అంతకుముందు టీవీలో టైమ్ కొనుక్కోగలిగిన పెద్ద పరిచర్యలకే సాధ్యమనుకున్న పని, అప్పటి నుంచి రేకుల షెడ్డులో కూడుకునే సంఘానికి కూడా అలవాటైపోయింది. మంచిదే. కానీ అప్పుడు హడావుడిగా తెరిచిన ఛానళ్లు, పేజీలు ఎన్ని ఇవాళ నడుస్తున్నాయి? మీ మండలంలో సంఘాల పేర్లు యూట్యూబ్‌లో కొట్టి చూడండి. చాలావాటిలో చివరి వీడియో ఏళ్ల కిందటిది.

వంద, రెండొందల మంది వచ్చే సంఘాన్ని మనసులో పెట్టుకుని ఇది రాస్తున్నాను. స్టూడియో లేదు, జీతమిచ్చే మీడియా టీమ్ లేదు. పాస్టర్ గారు, ఓపికున్న ఇద్దరు ముగ్గురు యవ్వనస్థులు, మిక్సర్ దగ్గర కూర్చునే ఒక అన్నయ్య ఉన్నారు. ఈ మాత్రం ఉంటే చాలు.

1. ఎవరికోసమో ముందు కాగితం మీద రాయండి

"సువార్త లోకమంతా వెళ్లాలి" అని రాసేయకండి. అది నిజమే గానీ, దాన్నిబట్టి రేపు పొద్దున ఏం పోస్ట్ చేయాలో తేలదు. మనుషుల పేర్లు రాయండి. మంచం పట్టిన పెద్దమ్మ. బాలింత. ఆదివారం కూడా డ్యూటీ ఉండే నర్సు, సెక్యూరిటీ గార్డు. చదువుకోడానికి హైదరాబాద్ వెళ్లి ఏ సంఘానికీ వెళ్లని కుర్రాడు. కువైట్‌లో ఇంటిపనికి వెళ్లిన అక్క.

ఆ చివరి మనిషినే తీసుకుందాం. గోదావరి జిల్లాల్లో, కడప వైపు ఇలాంటి అక్కలు లేని సంఘం అరుదు. కువైట్‌లో సెలవు శుక్రవారం. ఆదివారం మామూలు పనిదినం. మనకంటే రెండున్నర గంటలు వెనక. మీ ఆరాధన ఉదయం 10కి మొదలైతే ఆవిడకి అప్పుడు 7:30, వంటింట్లో ఉంటుంది. లైవ్ చూడలేదు. రాత్రి పడుకునే ముందు అరగంట దొరుకుతుంది. అంటే ఆవిడకి మూడు గంటల లైవ్ అక్కర్లేదు, వాక్యం ఒక్కటే విడిగా, సౌండ్ బాగా ఉండి, తక్కువ డేటాతో కావాలి. అమెరికాలో డల్లాస్‌లో ఉన్న అబ్బాయికేమో మీ ఆదివారం ఉదయం 10 అంటే శనివారం రాత్రి 11:30, చలికాలంలో 10:30. అతనూ లైవ్ చూడడు, ఆదివారం కారులో వింటాడు.

ఇలా పేర్లతో ఆలోచిస్తే సగం నిర్ణయాలు వాటంతటవే అయిపోతాయి. నా లెక్క ఇది: సంఘంలో ఉన్నవాళ్లు, రాలేనివాళ్లు, ఊరు దాటినవాళ్లు, ఈ ముగ్గురికీ పనికొస్తే మీ సోషల్ మీడియా నడుస్తున్నట్టే. తెలియనివాళ్లు చూస్తే సంతోషం, కానీ వాళ్లకోసం వీళ్లని వదిలేయొద్దు.

2. ఖాతాలు సంఘం పేరు మీద తెరవండి

అన్నిటికంటే విసుగుపుట్టించే పని, అందుకే అందరూ వదిలేస్తారు. సాధారణంగా జరిగేది ఇదీ: బీటెక్ చదివే ఒక తమ్ముడు తన సొంత జీమెయిల్‌తో ఛానల్ పెడతాడు. ఉద్యోగమొచ్చి బెంగళూరు వెళ్తాడు. ఫోన్ మారుస్తాడు, నంబర్ మారుస్తాడు. ఓ రోజు పాస్‌వర్డ్ అడుగుతుంది, కోడ్ పాత నంబర్‌కి వెళ్తుంది. నాలుగేళ్ల వీడియోలు కళ్లముందే ఉంటాయి, చేయి మాత్రం పెట్టలేరు.

కాబట్టి సంఘానికి ఒక జీమెయిల్ తెరవండి. సంఘం ఖర్చుతో ఒక సిమ్ తీసుకోండి, రీఛార్జ్ ఆపకండి. చాలాకాలం వాడని నంబర్‌ని కంపెనీ వేరేవాళ్లకి ఇచ్చేస్తుంది. రెండంచెల వెరిఫికేషన్ పెట్టి, అప్పుడు వచ్చే బ్యాకప్ కోడ్లు ప్రింట్ తీసి సంఘం మినిట్స్ బుక్ ఉండే బీరువాలో పెట్టండి. యూట్యూబ్‌లో పనిచేసేవాళ్లకి పాస్‌వర్డ్ ఇవ్వక్కర్లేదు, సెట్టింగ్స్‌లో పర్మిషన్స్ అని ఉంటుంది, అక్కడ వాళ్ల మెయిల్‌కి ఎడిటర్‌గానో మేనేజర్‌గానో హక్కు ఇవ్వొచ్చు. వెళ్లిపోయిన రోజు తీసేయొచ్చు. ఫేస్‌బుక్‌లో కూడా పాస్టర్ గారి సొంత ప్రొఫైల్ కాకుండా పేజీ తెరిచి, కనీసం ఇద్దరికి పూర్తి హక్కు ఇవ్వండి.

పేరు పెట్టేటప్పుడు ఊరి పేరు తప్పక చేర్చండి. బెతెల్, హెబ్రోను, సీయోను, ఈ పేర్లతో రాష్ట్రంలో ఎన్ని సంఘాలున్నాయో మీకు తెలుసు.

3. మొదట వాట్సాప్ ఒక్కటే సరిచేయండి

యూట్యూబ్ గురించి తర్వాత. మీ మనుషులు రోజూ ఉండేది వాట్సాప్‌లో.

ఇప్పుడున్న గ్రూపు తెరిచి చూడండి. గుడ్ మార్నింగ్ గులాబీలు, వేరే సంఘాల మీటింగుల పోస్టర్లు, ఎవరిదో తప్పిపోయిన పాప ఫోటో, "ఈ సందేశం పదిమందికి పంపితే సాయంత్రంలోగా ఆశీర్వాదం". వీటి మధ్యలో ఎక్కడో "ఈ శుక్రవారం ఉపవాస ప్రార్థన లేదు" అన్న కబురు. అది చూడని నలుగురు ఎండలో నడిచొచ్చి గేటు దగ్గర నిలబడతారు.

ఒక గ్రూపుని పూర్తిగా ప్రకటనలకే కేటాయించి, అడ్మిన్లు మాత్రమే పంపేలా సెట్టింగ్ మార్చండి. మామూలు గ్రూపులో 1024 మంది దాకా పడతారు, చిన్న సంఘానికి ఎక్కువే. ఇంకా మేలైనది కమ్యూనిటీ: అందులో ప్రకటనల గ్రూపులో ఉన్నవాళ్ల నంబర్లు ఒకరివి ఒకరికి కనబడవు, అడ్మిన్లకే కనబడతాయి. ఇది చిన్న విషయం కాదు. మామూలు గ్రూపులోంచి ఆడపిల్లల నంబర్లు తీసుకుని "ప్రైజ్ ది లార్డ్ సిస్టర్, ఎలా ఉన్నారు" అని రాత్రి పదకొండుకి మెసేజ్‌లు పెట్టేవాళ్లు ఉన్నారు. ఆ అమ్మాయి ఎవరికీ చెప్పుకోలేక గ్రూపులోంచి వెళ్లిపోతుంది, తర్వాత సంఘంలోంచీ. కమ్యూనిటీ కింద స్త్రీల సమాజానికి, యవ్వనస్థులకి, పాటల బృందానికి వేరే గ్రూపులు పెట్టుకుంటే కబుర్లు అక్కడ చెప్పుకుంటారు.

బ్రాడ్‌కాస్ట్ లిస్టు వాడే పాస్టర్లు ఒకటి గమనించాలి. అవతలివాళ్లు మీ నంబర్ సేవ్ చేసుకుంటేనే మెసేజ్ చేరుతుంది. "రోజూ వాక్యం పంపుతున్నానే" అనుకుంటారు, సగం మందికి వెళ్లదు.

శనివారం సాయంత్రం పంపే ప్రకటన ఇలా ఉంటే చాలు:

"ప్రభువు నామంలో వందనాలు. రేపు ఆరాధన ఉదయం 9:30కి. ప్రభు బల్ల ఉంది. సండే స్కూల్ 8:30కే. మధ్యాహ్నం భోజనాలు ఫలానా కుటుంబం వారి కృతజ్ఞత కూడిక సందర్భంగా. రాలేనివారికి వాక్యం వీడియో రాత్రి 8కి పంపుతాం."

పోస్టర్ అక్కర్లేదు. పోస్టర్‌లో ఉన్న టైమ్ కళ్లజోడు లేని పెద్దాయన చదవలేడు. ఆ మాటకొస్తే, చదవడం రానివాళ్లు ప్రతి సంఘంలో ఉంటారు. వాళ్లకోసం పాస్టర్ గారు పొద్దున్నే నిమిషం, నిమిషంన్నర వాయిస్ మెసేజ్ పెడితే, నా అనుభవంలో, దానికి సాటి వచ్చే పోస్ట్ లేదు. ఒక వచనం, రెండు మాటలు, చిన్న ప్రార్థన. వెనక మ్యూజిక్ వద్దు. కోడి కూసినా పర్లేదు. రోజుకి ఒక్కటే, అయిదు పంపితే ఫోన్ మెమరీ నిండి ఒకటీ వినరు.

ప్రార్థన విన్నపాలు గ్రూపులో పెట్టనివ్వొద్దు. "ఫలానా అక్కకి గర్భసంచి ఆపరేషన్, ప్రార్థించండి" అని ఎవరో ప్రేమతోనే పెడతారు. ఆ అక్క అత్తవారి వైపువాళ్లు కూడా అదే గ్రూపులో ఉంటారు. విన్నపాలు పాస్టర్ గారికో, ఆయన భార్య అమ్మగారికో విడిగా పంపమనండి. గ్రూపులో చెప్పాల్సి వస్తే "మన సంఘంలో ఒక సహోదరికి రేపు ఆపరేషన్" అంటే చాలు, దేవునికి పేరు తెలుసు.

ఫార్వర్డ్‌ల గురించి ఒక నియమం: మెసేజ్ పైన రెండు బాణాల గుర్తుతో "చాలాసార్లు ఫార్వర్డ్ చేయబడింది" అని ఉంటే సంఘం గ్రూపులోకి రానివ్వకండి. ఎక్కడో ఏ దేశంలోనో పాతకాలం కాలిపోయిన చర్చి ఫోటో కింద మన జిల్లా పేరు రాసి తిప్పుతుంటారు. 2020 ఏప్రిల్ నుంచి అలాంటి మెసేజ్‌ని ఒకసారికి ఒక్క చాట్‌కే పంపనిస్తున్నారంటే కారణం అదే. ఆ ఒక్క చాట్ మీ గ్రూపు కావొద్దు.

4. ఆదివారం లైవ్: ముందు సౌండ్, తర్వాతే కెమెరా

లైవ్ అనగానే కమిటీలో మొదట వచ్చే మాట "మంచి కెమెరా కొందాం". వద్దు. పాత ఫోన్ బొమ్మ బాగోకపోయినా వాక్యం వింటారు, మాట వినబడకపోతే ముప్పై సెకన్లు కూడా ఉండరు.

హాలు వెనక స్టాండ్ మీద ఫోన్ పెట్టి రికార్డు చేస్తే మీకు వచ్చేది ఫ్యాన్ల చప్పుడు, పసిపిల్లల ఏడుపు, గోడకి కొట్టుకుని తిరిగొచ్చే స్పీకర్ శబ్దం. మిక్సర్‌లోంచి నేరుగా తీసుకోవాలి. మిక్సర్ వెనక రెక్ అవుట్ లేదా ఆక్స్ అవుట్ అని ఉంటుంది. ఆక్స్ ఉంటే అదే వాడండి, ఎందుకంటే హాల్లోకి వెళ్లే సౌండ్‌తో సంబంధం లేకుండా లైవ్‌కి వేరే పాళ్లు పెట్టుకోవచ్చు. హాల్లో కీబోర్డు, ప్యాడ్ మోగిపోతుంటాయి కాబట్టి మైకు ఎక్కువ పెడతారు; లైవ్‌లో ఆ లెక్క కుదరదు.

మిక్సర్ నుంచి వచ్చే వైరుని నేరుగా ఫోన్ మైకు రంధ్రంలో గుచ్చితే గొంతు పగిలిపోయినట్టు వస్తుంది. మిక్సర్ పంపే సిగ్నల్ బలం వేరు, ఫోన్ మైకు తీసుకునేది వేరు. మధ్యలో లైన్ ఇన్‌పుట్ ఉన్న యూఎస్‌బీ ఆడియో ఇంటర్‌ఫేస్ కావాలి. కెమెరాకి దాచిన డబ్బులో చిన్న వంతుతో ఇది వస్తుంది. ఇంకోటి: మిక్సర్‌లోంచి మాత్రమే తీసుకుంటే సంఘం పాడే పాట రాదు. ఖాళీ గదిలో ఒక్కరే పాడుతున్నట్టు ఉంటుంది. జనం వైపు తిప్పి ఒక మైకు పెట్టి, దాన్ని లైవ్‌కి మాత్రమే, కొంచెంగా కలపండి. దూరాన ఉన్నవాళ్లకి ఇంటి చప్పుడు అదే.

శనివారం పాటల ప్రాక్టీసు అప్పుడే ఇదంతా కలిపి, ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని విని చూడండి. ఆదివారం పొద్దున వైర్లు వెతుక్కుంటే టెన్షన్ తప్ప ఏమీ మిగలదు.

మిగతావి చకచకా. ఫోన్ అడ్డంగా, మాట్లాడేవారి కళ్ల ఎత్తులో. పుల్పిట్ వెనక కిటికీ ఉంటే తెర వేయండి, లేకపోతే ముఖం నల్లగా వస్తుంది. వెనక మిణుకుమిణుకుమనే సీరియల్ లైట్లు ఆ గంటసేపు ఆపండి. ఫోన్‌ని ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి వైఫై ఆన్ చేయండి, మధ్యలో కాల్ వస్తే లైవ్ తెగుతుంది. 720పి చాలు; దానికి అప్‌లోడ్ వేగం నాలుగైదు ఎంబీపీఎస్ నిలకడగా ఉందో లేదో ఆదివారం అదే సమయానికి చూసుకోండి. రూటర్‌ని ఇన్వర్టర్ లైనుకి కలపండి.

యూట్యూబ్‌లో ఫోన్ నుంచి లైవ్ పెట్టాలంటే 50 మంది సబ్‌స్క్రైబర్లు ఉండాలి, నంబర్ వెరిఫై చేయాలి. మొదటిసారి లైవ్ ఆన్ చేస్తే అనుమతి రావడానికి 24 గంటల దాకా పడుతుంది. అందుకే క్రిస్మస్ ముందురోజు మొదలుపెట్టొద్దు. 2025 జులై నుంచి 16 ఏళ్లు నిండనివాళ్లు పెద్దవాళ్లు లేకుండా సొంతంగా లైవ్ ఇవ్వడానికి వీల్లేదు. ఫేస్‌బుక్‌లో లైవ్ ఇచ్చేవాళ్లు: 2025 ఫిబ్రవరి నుంచి అక్కడి లైవ్ వీడియోలు 30 రోజులే ఉంటాయి, తర్వాత తీసేస్తారు. ఉంచుకోవాలంటే డౌన్‌లోడ్ చేసుకోండి. దాచుకునే చోటు యూట్యూబ్ అనుకోవడం మేలు.

లైవ్ ఎప్పుడు ఆపాలో కూడా ముందే అనుకోండి. నేనైతే వాక్యం అయిపోగానే ఆపమంటాను. ఆ తర్వాత పేరుపేరునా ప్రార్థనలుంటాయి, ముందుకొచ్చి ఏడ్చేవాళ్లుంటారు. ఆ కన్నీళ్లు ఊరందరి ఫోన్లలోకి వెళ్లక్కర్లేదు.

5. పాటలు, కాపీరైట్

చట్టం సంగతి ముందు. మతపరమైన ఆరాధనలో పాట పాడుకోవడం, వాయించడం తప్పు కాదని 1957 కాపీరైట్ చట్టం 52వ సెక్షన్‌లోనే ఉంది. అది హాల్లో పాడుకోవడానికి. అదే పాటని వీడియోగా అప్‌లోడ్ చేయడానికి ఆ మినహాయింపు నిలుస్తుందని నమ్ముకోకండి. పాటల్ని తనంతట తానే పోల్చి పట్టుకునే యూట్యూబ్ యంత్రానికి ఆ మినహాయింపు సంగతి అసలే తెలియదు.

మన దేశంలో రచనకి హక్కు రచయిత చనిపోయాక 60 ఏళ్ల వరకు ఉంటుంది. 19వ శతాబ్దంలో పురుషోత్తమ చౌదరి రాసిన కీర్తనల్లాంటివి ఎవరైనా పాడొచ్చు, అప్‌లోడ్ చేయొచ్చు. కానీ అదే కీర్తనని ఈమధ్య ఎవరో స్టూడియోలో చేసిన రికార్డింగ్ వాళ్లది. అందుకే అసలు ప్రమాదం ట్రాక్‌లతో, అంటే ముందే రికార్డు చేసిన వాయిద్యాల సంగీతంతో. మీ అమ్మాయి ఎంత బాగా పాడినా వెనక మోగేది ఎవరిదో ట్రాక్ అయితే పట్టేస్తుంది. లైవ్‌లోనైతే మధ్యలోనే బొమ్మ ఆపేయగలదు.

పట్టుకున్నప్పుడు కంగారుపడకుండా ఏం వచ్చిందో చదవండి. క్లెయిమ్ అంటే ప్రకటనల డబ్బు వాళ్లకి వెళ్తుంది, లేదా వీడియో కొన్నిచోట్ల కనబడదు, అంతే. స్ట్రైక్ వేరు: 90 రోజులు ఉంటుంది, ఆలోగా మూడు పడితే ఛానల్ పోతుంది. కొత్త పాటలు కావాలంటే రాసినవాళ్లని అడగండి. మన తెలుగు పరిచర్యల్లో అడిగితే కాదనేవాళ్లు తక్కువ. ఫోన్‌లో "పాడుకోండి బ్రదర్" అన్న మాట కాకుండా వాట్సాప్‌లో రాతగా తీసుకుని దాచండి.

6. వాక్యాన్ని ముక్కలు చేయడం, పేరు పెట్టడం

ఆదివారం రాత్రికి వాక్యం ఒక్కటే కోసి విడిగా పెట్టండి. "సండే మెసేజ్ 12-10" అని పేరు పెడితే ఎవరూ తెరవరు, తర్వాత మీకే దొరకదు. "అన్నదమ్ముల మధ్య మాటలు లేనప్పుడు | యాకోబు, ఏశావు | ఆదికాండము 33" అని పెట్టండి. ఎవరి ఇంట్లో అది నడుస్తుందో వాళ్లు తెరుస్తారు. కింద వివరణలో సంఘం, ఊరు, ఆరాధన వేళలు తెలుగులోనూ ఇంగ్లీషు అక్షరాల్లోనూ రాయండి. లైవ్ మొత్తం ఉంచితే సమయాలు కూడా రాయండి: 0:00 నుంచి మొదలుపెట్టి పాటలు, సాక్ష్యాలు, వాక్యం ఎక్కడ మొదలవుతాయో. కనీసం మూడు రాస్తే యూట్యూబ్ వాటిని అధ్యాయాలుగా చూపిస్తుంది.

థంబ్‌నెయిల్ మీద ఎర్ర బాణాలు, నోరు తెరిచిన ముఖం, "చూస్తే షాక్ అవుతారు", ఇవి వద్దు. క్లిక్కులు వస్తాయి, కాదనను. కానీ ఆ అక్షరాల కింద ఉన్నది రేపు మీ ఇంట్లో ఎవరైనా పోతే సమాధి దగ్గరికి వచ్చి ప్రార్థన చేసే పాస్టర్ గారి ముఖం.

షార్ట్స్ ఇప్పుడు మూడు నిమిషాల దాకా పెట్టొచ్చు. ఒక్క ఆలోచన ఉన్న ముక్క కోయండి, తెలుగులో మాటలు కింద వేయండి. బస్సులో సౌండ్ లేకుండా చూసేవాళ్లే ఎక్కువ. కోసేటప్పుడు మాత్రం జాగ్రత్త. 14వ కీర్తనలో "దేవుడు లేడని బుద్ధిహీనులు తమ హృదయములో అనుకొందురు" అని ఉంది. తప్పు చోట కోస్తే పాస్టర్ గారే "దేవుడు లేడు" అన్నట్టు వస్తుంది. మీరు కాకపోయినా ఇంకెవరైనా కోయగలరు. కాబట్టి కెమెరా ఉన్నంతసేపు పుల్పిట్ మీద మాట ఊరందరి ముందు అన్న మాటే అని పాస్టర్ గారితో ఎవరో ఒక పెద్ద కూర్చుని చెప్పాలి. వేరే మతాల దేవుళ్ల మీద, ఆచారాల మీద ఎగతాళి అసలే వద్దు. వర్గాల మధ్య ద్వేషం రెచ్చగొట్టడం మీద భారతీయ న్యాయ సంహితలో 196, మత విశ్వాసాల్ని కావాలని అవమానించడం మీద 299 సెక్షన్లున్నాయి. చట్టం పక్కనపెట్టినా, పక్కింటివాళ్లు రేపు నీళ్ల ట్యాంకు దగ్గర కనబడతారు కదా.

వచనాల కార్డులు చేసేవాళ్లకి ఒక మాట. ఫ్లెక్స్ షాపులో అను ఫాంట్స్‌తో కొట్టిన అక్షరాలు కాపీ చేసి ఫేస్‌బుక్‌లో వేస్తే పిచ్చిగీతలు వస్తాయి, అది యూనికోడ్ కాదు. మండలి, రామభద్ర, నోటో సాన్స్ తెలుగు లాంటి ఉచిత యూనికోడ్ ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉన్నాయి. పోస్ట్ చేసే ముందు ఒత్తులు చూడండి. కొన్ని యాప్‌లలో "క్రీస్తు" అన్న మాటలో ఒత్తులు విడిపోయి పక్కన పడతాయి. అదే మాటలో తప్పు పోతే ఎలా ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు.

7. ఫోటో పెట్టే ముందు అడగాలి

బాప్తీస్మం ఫోటోలు ఇందులో అన్నిటికంటే బరువైనవి. సంఘానికి అది పండుగ. నీళ్లలో నిలబడ్డ మనిషికి అది ఇంట్లో ఇంకా చెప్పని విషయం కావచ్చు. పెళ్లి సంబంధం, అద్దె ఇల్లు, తోబుట్టువులతో తగాదా, ఏదైనా ఆ ఒక్క ఫోటోతో కదలొచ్చు. షెడ్యూల్డ్ కులాల హోదాని 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు, తర్వాతి సవరణలతో కలిపి, హిందూ, సిక్కు, బౌద్ధ మతాలవారికే పరిమితం చేసింది కాబట్టి ఆ వర్గాలవారికి ఈ విషయంలో వేరే లెక్కలు కూడా ఉంటాయి. ఏం చేయాలన్నది వాళ్ల నిర్ణయం, మీడియా టీమ్‌ది కాదు. అడగండి, విడిగా అడగండి, పదిమందిలో "పెట్టొచ్చు కదా బ్రదర్" అంటే ఎవరూ కాదనలేరు. తర్వాత తీసేయమంటే కారణం అడక్కుండా తీసేయండి.

పిల్లల ఫోటోలకి తల్లిదండ్రుల అనుమతి కావాలి. మే నెలలో వీబీఎస్‌కి (సెలవుల్లో పిల్లలకి పెట్టే బైబిల్ తరగతులు) పేర్లు రాసుకునేటప్పుడే ఫారంలో ఒక గడి పెట్టండి. వద్దన్నవాళ్ల పిల్లలకి వేరే రంగు బ్యాడ్జి ఇస్తే ఫోటో తీసేవాళ్లకి తెలుస్తుంది. ఫోటో కింద పిల్లల పూర్తి పేరు, స్కూలు రాయొద్దు. బియ్యం, దుప్పట్లు పంచేటప్పుడు తీసుకునేవాళ్ల ముఖాలు వద్దు; సంచులు పేర్చిన ఫోటో వేస్తే లెక్క తెలుస్తుంది, చాలు.

సాక్ష్యాల్లో "మందులు మానేశాను, స్వస్థత వచ్చింది" అన్న భాగం కోసేయండి. అది విని షుగర్ మాత్రలు ఆపేసే మనిషి ఎక్కడో ఒకరుంటారు. అద్భుత శక్తులతో రోగాలు నయమవుతాయని ప్రకటనలివ్వడం మీద 1954 నుంచీ చట్టం కూడా ఉంది.

8. కామెంట్లు

మూడు రకాలు వస్తాయి. ఆమేన్‌లు, తిట్లు, వాదాలు. ఆమేన్‌లకి పేరు పెట్టి పలకరించండి: "వందనాలు అక్కా, అమ్మగారికి ఎలా ఉంది?" తిట్లని దాచేయండి, జవాబివ్వొద్దు. యూట్యూబ్‌లో అనుమానమున్న కామెంట్లని ముందుగా ఆపి ఉంచే సెట్టింగ్ ఉంది, ఆపాల్సిన మాటల జాబితా కూడా ఇవ్వొచ్చు. తెలుగు బూతులు ఇంగ్లీషు అక్షరాల్లో ఎలా రాస్తారో కూడా అందులో చేర్చండి, సిగ్గుపడక్కర్లేదు. విశ్రాంతి దినం ఏది, బాప్తీస్మం ఎవరి నామంలో, నగలు వేసుకోవచ్చా అంటూ వచ్చే వాదాలకి ఒకటే జవాబు: పాస్టర్ గారి నంబర్, మాట్లాడే వేళలు.

అర్ధరాత్రి ఎవరైనా "బతకాలని లేదు" అని రాస్తే మాత్రం తెల్లారేదాకా ఆగొద్దు. ఆ రాత్రికి ఎవరు ఫోన్ చేయాలో ముందే అనుకుని ఉండండి. ప్రభుత్వం వారి మానసిక ఆరోగ్య సహాయ లైను టెలీ మానస్ నంబర్ 14416, ఏ వేళకైనా తెలుగులో మాట్లాడతారు. అది పిన్ చేసి ఉంచండి.

9. డబ్బు, దొంగలు

కానుకల క్యూఆర్ కోడ్ సంఘం లేదా ట్రస్టు ఖాతాదే కావాలి. పాస్టర్ గారి సొంత ఖాతాది పెడితే ఆయన ఎంత నిజాయితీపరుడైనా రేపు లెక్క అడిగినప్పుడు ఇబ్బంది ఆయనకే. ప్రతి వీడియోలో కోడ్ చూపించక్కర్లేదు, వివరణలో ఉంటే చాలు.

విదేశాల నుంచి వచ్చే కానుకల్లో జాగ్రత్త. కువైట్ అక్క భారత పాస్‌పోర్టుతో ఉండి తన సంపాదనలోంచి పంపితే అది విదేశీ విరాళం కాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్నవాళ్లు, ఓసీఐ కార్డు (భారత మూలాలున్న విదేశీ పౌరులకి ఇచ్చేది) ఉన్నా సరే, పంపితే అది విదేశీ విరాళమే. ఎఫ్‌సీఆర్ఏ (విదేశీ విరాళాల చట్టం) రిజిస్ట్రేషన్ లేకుండా, ఢిల్లీ ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచిలో అందుకోసం తెరిచిన ఖాతా లేకుండా తీసుకోకూడదు. సందేహముంటే ఆడిటర్‌ని అడగండి, వాట్సాప్ గ్రూపులో కాదు.

పాస్టర్ల పేజీలు పెరిగేకొద్దీ మెసెంజర్‌లో తెల్లదొర ఫోటోతో ఒకాయన వస్తాడు. మీ అనాథ పిల్లలకి బహుమతులు పంపానంటాడు. వారం తర్వాత "కస్టమ్స్ ఆఫీసు" నుంచి ఫోన్, పార్సిల్ విడిపించడానికి డబ్బు కట్టమని. పార్సిల్ ఉండదు. ఇంకో రకం, మీ పాస్టర్ గారి ఫోటోతోనే నకిలీ ప్రొఫైల్ తెరిచి "అర్జెంటుగా ఆసుపత్రిలో ఉన్నాను, కొంచెం పంపండి" అని సంఘస్థులకి మెసేజ్. ఆదివారం ప్రకటనల్లో నెలకోసారి చెప్పండి: పాస్టర్ గారు చాట్‌లో డబ్బు అడగరు, డబ్బు రావడానికి యూపీఐ పిన్ కొట్టక్కర్లేదు. మోసపోతే వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. ఎంత త్వరగా చేస్తే డబ్బు ఆగే అవకాశం అంత ఎక్కువ.

10. మూడు నెలలకోసారి చూడాల్సినవి, డిసెంబరుకి సిద్ధం కావడం

సబ్‌స్క్రైబర్ల లెక్క గోడమీద రాయొద్దు. యూట్యూబ్ స్టూడియోలో సగటున ఎంతసేపు చూశారు, ఏ దేశాల నుంచి చూశారు అన్నవి చూడండి. నలభై నిమిషాల వాక్యాన్ని సగటున మూడు నిమిషాలే చూస్తుంటే ఆ మూడో నిమిషంలో ఏం జరిగిందో వెళ్లి వినండి. చాలాసార్లు సౌండ్ పోయి ఉంటుంది, లేదా ఇంకా ప్రకటనలే నడుస్తుంటాయి. మొదట రాసుకున్న పేర్ల కాగితం తీసి వాళ్లకి ఫోన్ చేయండి. ఇన్‌స్టాగ్రామ్‌లో ఎవరూ పలకట్లేదా, ఆపేయండి. నడపలేని మూడు పేజీల కన్నా రోజూ పలికే ఒక్క వాట్సాప్ మేలు. మీడియా టీమ్‌కి నెలకో ఆదివారం సెలవివ్వండి, లేకపోతే వాళ్లు ఏడాదంతా ఆరాధనని స్క్రీన్ మీదే చూస్తారు.

నవంబరు చివరికే డిసెంబరు పట్టిక వేయండి: సెమీ క్రిస్మస్, క్యారల్స్ ఏ వీధికి ఏ రోజు, పిల్లల నాటిక, 24 రాత్రి, 25 ఉదయం. క్యారల్స్ లొకేషన్ సంఘం గ్రూపులోనే పంపండి, బయట పేజీలో వద్దు. డిసెంబర్ 31 రాత్రి వాచ్ నైట్ (కొత్త సంవత్సరం ఆరాధన)కి నెట్‌వర్క్ నిండిపోతుంది, పన్నెండింటికి ఎవరి వీడియో ఎక్కదు. కొత్త సంవత్సరం వాగ్దాన వచనం కార్డు, పాస్టర్ గారి రెండు నిమిషాల వీడియో ముందురోజే చేసి, యూట్యూబ్‌లో 12:15కి షెడ్యూల్ పెట్టేయండి. కువైట్‌లో అప్పటికి రాత్రి 9:45 అవుతుంది, డల్లాస్‌లో ఇంకా మధ్యాహ్నం. వాళ్ల గ్రూపుకి లింకు పంపే పని మందిరంలో ఉన్నవాళ్లకి కాకుండా, అక్కడే ఉన్న ఒకరికి అప్పజెప్పండి.